అమ్మకూ ఒక అరగంట

పేరెంట్స్ మీటింగ్‌లో పిల్లల మార్కులు మాట్లాడుకున్నాక, లేచి వెళ్తూ కొందరు అమ్మలు మెల్లగా అంటుంటారు: "నిద్ర పట్టట్లేదు మేడమ్, ఊరికే కోపం వస్తోంది, పొట్ట పెరుగుతోంది." నలభై దాటినవాళ్లే ఎక్కువ. నేను ఇంగ్లిష్ టీచర్‌ని, డాక్టర్‌ని కాను. మా అమ్మదీ ఇదే వయసు కాబట్టి కొంత చదివాను.

మన దేశంలో సగటున 46 ఏళ్ల ప్రాంతంలో నెలసరి ఆగిపోతుంది. కొన్నేళ్ల ముందు నుంచే ఈస్ట్రోజన్ ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ అవుతూ చివరికి పడిపోతుంది. కొవ్వు నడుం చుట్టూ చేరుతుంది, ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినదు. నడిస్తే ఈస్ట్రోజన్ తిరిగొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నడక మేలు చేసేది ఇన్సులిన్ దగ్గర. నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని చక్కెరను తీసుకుంటాయి. ఆ ప్రభావం ఒకటి రెండు రోజులుంటుంది. అందుకే ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడిచే కంటే రోజు విడిచి రోజైనా నడవడం నయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాలు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం. మన చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల నీడ బాగుంటుంది కానీ బండ్ల వేగం చూస్తే భయం, హిమాయత్‌నగర్ లోపలి వీధులే మంచివి. నెలసరి ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే గైనకాలజిస్ట్‌ను కలవండి.

నాన్నలూ, పొద్దున్నే ఆ అరగంట టిఫిన్ బాక్సులు మీరు సర్దండి. యూనిఫాం ఇస్త్రీ పిల్లలు చూసుకుంటారు, ఆరో తరగతి దాటినవాళ్లకు అది వచ్చు.