పట్టాలకీ బాటకీ నడుమ ఎర్రగడ్డ

ఎర్రగడ్డ చూడాలంటే ముందు భరత్‌నగర్ వంతెన ఎక్కాలి. కింద 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా పరిచిన నిజాం రైలుదారి. కాళ్ల కింద బొంబాయి రోడ్డు. నెత్తిమీద 2017 నవంబరులో మొదలైన మెట్రో. లారీ పోయినప్పుడల్లా పిట్టగోడ మీద చెయ్యి సన్నగా అదురుతుంది.

అమెరికాలో రూట్ 66 వెంట, రైలు పట్టాల పక్కన పెరిగిన ఊళ్లను జనం పనిగట్టుకుని వెళ్లి చూస్తారు. ఈ బొంబాయి రోడ్డే మచిలీపట్నం నుంచి పుణెకు పోయే మన పాత 9వ నంబరు జాతీయ రహదారి. ఆ దారి (ఇప్పుడు 65) మీద ఎర్రగడ్డ అలా చూడదగ్గ చోటే. రాయలసీమ వాళ్లకు ఎర్రగడ్డంటే ఉల్లిపాయ. ఇక్కడ మాత్రం గడ్డ అంటే నేల.

నిజాం రాజ్యంలో బస్సులు నడిపింది రైల్వేనే. 1932లో 27 బస్సులతో మొదలైన ఆ రైల్వే రోడ్డు రవాణా విభాగమే మన ఆర్టీసీకి మూలం. ఆ బస్సులకు బాడీలు కట్టే పని కూడా ఈ పక్కకే వచ్చింది. ఆనుకుని ఉన్న సనత్‌నగర్ పేరులోని సనత్ అంటే ఉర్దూలో పరిశ్రమ. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ ఇక్కడ బస్సు బాడీలు కట్టింది. ఫ్రిజ్‌లు, గడియారాలు చేసింది. మధ్యతరగతి ఇంట్లో ఆల్విన్ ఫ్రిజ్ దిగిందంటే వీధంతా వచ్చి చూసిపోయేది. తొంభైలలో ఆ కంపెనీ ముక్కలైంది. కార్మికుల కోసం వెలసిన ఈఎస్ఐ ఆస్పత్రి మాత్రం నిలిచింది, మెట్రో స్టేషన్‌కు పేరు కూడా ఇచ్చింది.

ఆదివారమైతే రోడ్డు పక్కన సంత. పాత కుర్చీలు, పాత బట్టలు, విప్పేసిన మోటార్లు. బేరం ఆడకుండా కొంటే అమ్మేవాళ్లే చిన్నబుచ్చుకుంటారు.

ఎర్రగడ్డ అనగానే చాలామంది నోట వచ్చే ఎకసెక్కం ఒకటుంది: "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి." ఆ మాట నాకు ములుకులా గుచ్చుకుంటుంది. జాల్నా నుంచి 1953లో ఇక్కడికి తరలివచ్చిన మానసిక వైద్యశాల ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో ఆ నవ్వేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. దగ్గర్లోనే ఛాతీ ఆస్పత్రి. పంజాగుట్ట దగ్గర ఎర్రమంజిల్ కట్టించిన నవాబు ఫక్రుల్ ముల్క్‌దే ఆ ఆస్పత్రి నడిచే ఇర్రమ్‌నుమా మహలు కూడా. నవాబుల విడిది క్షయ రోగుల నీడ కావడం ఈ నగరం చేసిన గొప్ప పనుల్లో ఒకటని నా నమ్మకం.

పొద్దున్నే ఆ ఛాతీ ఆస్పత్రి గేటు దగ్గర కాసేపు నిలబడండి. జహీరాబాద్, సంగారెడ్డి వాళ్లు బొంబాయి రోడ్డు మీద బస్సులో వస్తారు. తాండూరు, వికారాబాద్ వాళ్లు రైల్లో వస్తారు. చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో సద్దిగిన్నె. ఓపీ చీటీ ఎక్కడ ఇస్తారని ముందు నిలబడ్డ మనిషినే అడుగుతారు.