ఇంకా కాని వాటికి పెట్టిన పేర్లు

జూన్ 9, 2025, సోమవారం

కొత్త క్రిమినల్ చట్టాల మీద లాయర్ల కోసం వేస్తున్న చిన్న పుస్తకం తెలుగు చేయడానికి వచ్చింది. నెలాఖరుకి ఇవ్వాలి. ఒక అధ్యాయం పేరులోనే ‘ఇన్‌కోయేట్’ నేరాలు అని ఉంది. ప్రయత్నం, కుట్ర, ప్రేరేపణ ఈ కోవలోకి వస్తాయి. అనుకున్న నేరం జరగకపోయినా దానివైపు అడుగు పడితే చాలు. ఇంగ్లీషులో బాగా రాసేవాళ్లు కూడా ఈ మాటను గందరగోళం అనే అర్థంలో వాడేస్తుంటారు. ‘కేయాస్’కి చుట్టం అనుకుంటారు కాబోలు. దాని లాటిన్ మూలం పొలంలో ఉంది. నాగలిని కాడికి బిగించే పట్టీకి ‘కోహుమ్’ అని పేరు. అంటే కాడి కట్టారు, సాలు ఇంకా పడలేదు.

భారతీయ న్యాయ సంహితలో ప్రయత్నానిది 62వ సెక్షన్. 1860 నాటి శిక్షాస్మృతిలో 511. పాత ఉదాహరణలు అలాగే ఉంచారు. ఒకడు జేబు కొట్టబోయి చెయ్యి పెట్టాడు, తీరా చూస్తే జేబు ఖాళీ. అయినా వాడు దోషే. విడిగా వేరే శిక్ష చెప్పని చోట, అసలు నేరానికి పడే గరిష్ఠ ఖైదులో సగం దాకా వేయొచ్చు. దొంగ లెక్కలో అది చెడిపోయిన పని. చట్టం లెక్కలో మాత్రం, శిక్ష వేయడానికి సరిపడా అయిపోయిన పని.

ఈ ఉదాహరణ రాసినవాడికి హాస్యం తెలుసు.

జూన్ 11, బుధవారం

సాయంత్రం బావ వచ్చాడు. చిట్టీ పాడిన డబ్బు ఇచ్చేటప్పుడు ఖాళీ ప్రోనోటు మీద, రెవెన్యూ స్టాంపు అంటించి మరీ, సంతకం పెట్టించుకున్నారట. “దాంట్లో అంకె లేదు, తేదీ లేదు. అదేం చెల్లుతుంది?” అని ధీమాగా అంటున్నాడు.

పొద్దున్నే అదే చదివాను. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 20వ సెక్షన్. అక్కడా అదే విశేషణం, ఇన్‌కోయేట్. స్టాంపు ఉన్న కాగితం మీద సంతకం చేసి చేతికిస్తే, పుచ్చుకున్నవాడు దాన్ని పూర్తి చేసుకోవచ్చు. ఆ స్టాంపుకు తగ్గ మొత్తం మించకుండా అంకె వేసుకోవచ్చు. సంతకం చేసినవాడు దానికి కట్టుబడాలి.

“ఖాళీగా ఉంది కాబట్టి నీది అనుకుంటున్నావు బావా. ఖాళీగా ఉంది కాబట్టే అది వాళ్లది,” అన్నాను. కాఫీ సగంలో వదిలేసి లాయరుకి ఫోన్ చేసుకున్నాడు.

రాత్రి మళ్లీ ఆలోచిస్తే, ఈ మాటల్లో నాకు పనికొచ్చే ప్రశ్న ఇదే అనిపించింది. పని ఎంతవరకు వచ్చింది అన్నది కాదు, మిగతాది పూర్తి చేసే హక్కు ఎవరి చేతిలో ఉంది అన్నది. నిఘంటువు ఆ సంగతి చెప్పదు.

జూన్ 14, శనివారం

ఒక కంపెనీ వార్షిక నివేదిక. ‘కేపిటల్ వర్క్-ఇన్-ప్రోగ్రెస్’. ప్రోగ్రెస్ అనే మాట వినడానికి ఎంత బాగుంటుందో! ఎన్నేళ్లుగా ఆగిపోయిన గోడైనా దాని కింద హాయిగా తలదాచుకోవచ్చు. అయితే 2021లో కంపెనీల చట్టం మూడో షెడ్యూలును మార్చి ఒక పట్టిక అడిగారు. ఆ పనిలో పెట్టిన డబ్బు ఏడాది లోపుదా, ఒకటి నుంచి రెండేళ్లదా, రెండు నుంచి మూడేళ్లదా, అంతకు మించినదా? సాగుతున్నవి ఒక వరసలో, తాత్కాలికంగా ఆపినవి ఇంకో వరసలో చూపాలి. గడువు దాటినవైతే ఎప్పటికి పూర్తవుతాయో కూడా చెప్పాలి. ఈ ఆలోచన ఎవరిదో గానీ వాళ్లకి దండం పెట్టాలి. మన శంకుస్థాపన రాళ్ల పక్కన కూడా ఇలాంటి పట్టిక చెక్కిస్తే బాగుండును.

జేమ్స్ జాయ్స్ ఇదే మాటను ఇంకోలా వాడుకున్నాడు. 1924 నుంచి తన చివరి నవల ముక్కలను ‘వర్క్ ఇన్ ప్రోగ్రెస్’ అనే పేరుతో పత్రికల్లో అచ్చేయించాడు. అసలు పేరు గుప్పెట్లో పెట్టుకున్నాడు. 1939లో పుస్తకం వచ్చాకే అది ‘ఫినెగన్స్ వేక్’ అని లోకానికి తెలిసింది. ‘బీటా’ కూడా ఆ తంతే. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న వచ్చింది, 2009 జులై దాకా ఆ తోక తగిలించుకునే ఉంది. అప్పటికి కోట్లమంది వాడుతున్నారు. పూర్తి కాలేదని సొంతదారే చెప్పుకుంటే అది వినయంలా కనిపిస్తుంది. నిజానికి అదొక వెసులుబాటు.

జూన్ 17, మంగళవారం

ఆర్థిక వ్యాసం. ‘ఎమర్జింగ్ మార్కెట్స్’. ఈ మాట 1981లో పుట్టింది. ప్రపంచ బ్యాంకు సంస్థల్లో ఒకటైన ఐఎఫ్‌సీలో పనిచేస్తున్న ఆంట్వాన్ వాన్ అగ్ట్‌మేల్ పెట్టిన పేరు. మదుపరుల చేత డబ్బు పెట్టించాలి, ‘మూడో ప్రపంచం’ అంటే ఎవరు పెడతారు? పేరు మార్చారు. దేశాలు అవే, పేదరికం అదే. 2016లో ప్రపంచ బ్యాంకే తన గణాంక పుస్తకంలో అభివృద్ధి చెందిన, చెందుతున్న అనే విభజన వదిలేసింది. మనం మాత్రం ఇంకా చెందుతూనే ఉన్నాం.

జూన్ 20, శుక్రవారం

డికెన్స్ 1870లో చనిపోయేనాటికి ‘ఎడ్విన్ డ్రూడ్’ పన్నెండు భాగాల్లో ఆరుకే సరిపడా రాశాడు. హంతకుడెవరో తేల్చడానికి అప్పటినుంచీ ఎంతమంది పూనుకున్నారో. ఎవరి ముగింపు వాళ్లది, పైన వాళ్ల పేరు వాళ్లది. మన అరణ్యపర్వ శేషం సంగతి వేరు. నన్నయ ఆపిన చోటును తిక్కన ముట్టుకోకుండా విరాటపర్వానికి వెళ్లిపోయాడు. ఎర్రన వచ్చి పూరించి, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికి అంకితం చేశాడు. బావ నోటు పుచ్చుకున్నవాళ్లలో అలాంటి ఎర్రన ఉంటాడని నాకు నమ్మకం లేదు.

జూన్ 22, ఆదివారం

మేనల్లుడు ఫోన్. పత్రికలో స్పోర్ట్స్ డెస్కు. నిరుడు సరిగ్గా ఈ రోజుల్లో టీ20 ప్రపంచకప్‌లో అఫ్గానిస్థాన్ ఆస్ట్రేలియాను ఓడించింది కదా, దాని మీద ఐటం రాస్తున్నాడు. ఏజెన్సీ కాపీలో ‘మిన్నోస్’ అని ఉందట. తెలుగులో అలవాటుగా ‘పసికూన’ అని కొట్టేశాడు.

“ఒరేయ్, వాళ్లకి టెస్టు హోదా వచ్చింది 2017లో. నిరుడు న్యూజిలాండ్‌నీ కొట్టారు, సెమీస్ ఆడారు. ఇంకెప్పుడు పెరుగుతుందిరా ఆ కూన?” అన్నాను. ‘మిన్నో’ అనేది ఒక చిన్నచేప, ఎన్నాళ్లున్నా పెద్దది కాదు, ఆ మాట అన్నవాళ్లు ఎదుగుదల ఆశించనే లేదు. మనవాళ్లు పసికూన అన్నారంటే పెరుగుతుందని ఒప్పుకున్నట్టే కదా, మరి పెరిగాక కూడా ఉగ్గు పోస్తానంటే ఎలా?

వాడు అంతా విన్నాడు.

“నిజమే మామయ్యా. కానీ పసికూన తీసేస్తే హెడ్డింగులో సంచలనం ఎక్కణ్నుంచి తేను?”