కడుపునొప్పితో వచ్చిన గోల్‌కీపరు

సోమవారం ఉదయం ఓపీ. తాండవ వంతెన అవతల పాయకరావుపేట నుంచి, ఇటు కోటనందూరు, రౌతులపూడి పల్లెల నుంచి వచ్చిన తల్లులూ పిల్లలూ బెంచీలు చాలక గోడవారన నిలబడ్డారు. తునిలో చాలాకాలంగా పిల్లల వైద్యం చేస్తున్న ఆ డాక్టరుగారి ముందుకి పదమూడేళ్ల కుర్రాడిని తోస్తూ తండ్రి చెప్పుకొచ్చాడు.

"వారం నుంచి కడుపునొప్పంటున్నాడండి. బడికెళ్లే టైముకే మొదలవుద్దండి. గ్యాసు మాత్రలేశాం, స్కానింగు తీయించాం. ఏమీ లేదన్నారండి."

డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు. మెత్తగా ఉంది. చెయ్యి తీయబోతుంటే కుర్రాడి మోచేతులు కంటబడ్డాయి. రెండిటి మీదా మానిన చర్మం పైనే మళ్లీ గీసుకున్న చారలు. చొక్కా ఎత్తితే తుంటి పక్కన అరచేయంత నల్లమచ్చ. సైకిలు మీంచి పడితే ఒకవైపే గీసుకుంటుంది. రెండువైపులా, అవే చోట్ల, మళ్లీ మళ్లీ గీసుకుందంటే వాడు కావాలని నేలమీదికి దూకుతున్నాడన్నమాట.

"గోల్‌కీపరువా?" అని అడిగారు.

కుర్రాడు అప్పటిదాకా నేల చూపులే చూస్తున్నాడు. ఆ మాటకి తలెత్తాడు. తలైతే ఎత్తాడుగానీ, కళ్లలో నీళ్లు ఆగలేదు.

విషయం చిన్నదే. కాకినాడలో అండర్-14 జిల్లా సెలక్షన్లకి స్కూలు నుంచి ముగ్గురిని తీసుకెళ్లారు. సాయంత్రం పేర్లు చదివారు. వీడి పేరు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. పక్కన నిలబడ్డ వాళ్లెవరో "పొట్టోడు కదా" అన్నారు. అదొక్కటే వాడి చెవిన పడింది. ఇంటికొచ్చేసరికి తండ్రి "నేను ముందే చెప్పానుగా, చదువుకోమని" అన్నాడు. తల్లి గ్లోవులు అటక మీద దాచేసింది. కొడుకు బాధ చూడలేక చేసిన పనే అది. మర్నాడు పొద్దున్నించీ కడుపునొప్పి.

ఇలాంటి పిల్లలు ఏటా కొందరు ఆయన దగ్గరికి వస్తారు. ఎవరూ "నన్ను జట్టులోకి తీసుకోలేదు" అని చెప్పుకోరు. తలనొప్పంటారు, కాళ్లు లాగుతున్నాయంటారు, నిద్ర పట్టట్లేదంటారు. అది నటన కాదు. మనసు కలతపడితే పేగుల కదలిక మారుతుంది, ఆకలి చస్తుంది, పొట్టలో నిజంగానే నొప్పి పుడుతుంది. "ఏమీ లేదు" అని చీటీ మీద రాసి పంపేస్తే పిల్లాడు ఒకే వారంలో రెండోసారి కాదనిపించుకున్నట్టవుతుంది. మొదట జట్టువాళ్లు, తర్వాత డాక్టరు.

అందుకే ఆయన ఓదార్పుతో మొదలుపెట్టరు. కారణాన్ని విడదీయడంతో మొదలుపెడతారు. కాదన్న మాటలో ఒంటికి సంబంధించింది ఎంత, ఆటకి సంబంధించింది ఎంత, ఆ ఒక్క సాయంత్రానికి సంబంధించింది ఎంత? ఇన్నేళ్లలో ఆయన గమనించింది ఒకటుంది. కాదన్నందుకంటే, ఎందుకు కాదన్నారో తెలియనందుకే పిల్లలు ఎక్కువ నలుగుతారు. కారణం చెప్పకపోతే వాళ్లే ఒకటి కల్పించుకుంటారు. ఆ కల్పించుకున్నది ఎప్పుడూ అసలుదానికంటే క్రూరంగానే ఉంటుంది.

గోడకి అతికించిన ఎత్తుల పట్టిక దగ్గర కుర్రాణ్ణి నిలబెట్టారు. తండ్రిది మంచి పొడవే. మీకు మీసాలు ఎప్పుడొచ్చాయని అడిగితే, టెన్త్ అయ్యాక కూడా రాలేదని, తోటివాళ్లు ఏడిపించేవారని ఆయన నవ్వుతూ చెప్పాడు. ఆ జవాబులోనే సగం వైద్యం ఉంది. మగపిల్లలు అందరికంటే వేగంగా పెరిగేది సగటున పధ్నాలుగో ఏట. అంతవరకూ ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరిగేవాడు ఆ ఏడాది ఎనిమిదో తొమ్మిదో పెరుగుతాడు. ఆ ఏడాది ఒకడికి పన్నెండులోనే వస్తుంది, ఇంకొకడికి పదహారు దాకా రాదు. ఇద్దరూ ఆరోగ్యవంతులే. కానీ సెలక్షన్ గ్రౌండులో పక్కపక్కన నిలబెడితే ఒకడు పెద్దవాడిలా, ఒకడు వాడి తమ్ముడిలా కనిపిస్తారు. గోల్‌పోస్టుకేమో వయసుతో పనిలేదు, పైకర్ర అందరికీ ఒకే ఎత్తులో ఉంటుంది.

దీనికి తోడు పుట్టిన నెల. వయసు జట్లకి లెక్క జనవరి ఒకటితో మొదలైతే, జనవరిలో పుట్టినవాడికీ అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు పన్నెండు నెలల తేడా ఉన్నా ఇద్దరూ ఒకే గుంపులో పడతారు. ఏడాది మొదటి నెలల్లో పుట్టిన పిల్లలే జట్లలో ఎక్కువగా ఉంటున్నారని 1980ల్లో కెనడా ఐస్ హాకీలో గుర్తించారు. తర్వాత యూరప్ ఫుట్‌బాల్ అకాడమీల్లోనూ అదే తేలింది. మన పల్లెల్లో మరో చిక్కు ఉంది. బడిలో వేసేనాడు మాస్టారు చేతికొచ్చిన తేదీ రాసేసిన పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. కాగితం మీది వయసు ఒకటి, ఎముకల వయసు ఇంకొకటి. అందుకే ఫిఫా 2009 అండర్-17 ప్రపంచకప్ నుంచి ఆటగాళ్ల మణికట్టుకి ఎంఆర్ఐ తీయిస్తోంది. మణికట్టు దగ్గర ఎముక పూర్తిగా అతుక్కుపోయి ఉంటే ఆ కుర్రాడు పదిహేడు దాటినట్టే లెక్క.

ఇదంతా డాక్టరుగారు చిన్న చిన్న మాటల్లో కుర్రాడికే చెప్పారు, తండ్రికి కాదు. చివర్లో ఒక మాట ఖాయంగా అన్నారు. "నువ్వు పొడుగవుతావని చెప్పగలను. సెలక్టవుతావని మాత్రం చెప్పలేను నాన్నా."

ఈ రెండో వాక్యం దగ్గరే చాలామంది పెద్దలు తప్పిపోతారు. పిల్లాడి ముఖం చూడలేక "వచ్చే ఏడాది నువ్వే కెప్టెన్" అనేస్తారు. వచ్చే ఏడాది కూడా పేరు రాకపోతే వాడు ఆటతోపాటు ఆ మాట చెప్పినవాళ్లనీ నమ్మడం మానేస్తాడు. జేమీ వార్డీ కథ ఇలాంటప్పుడే అందరికీ గుర్తొస్తుంది. చిన్నగా ఉన్నాడని షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు వదిలేసింది. విరిగిన కాళ్లకూ చేతులకూ ఆసరాగా కట్టే పట్టీలు తయారయ్యే ఫ్యాక్టరీలో పనిచేస్తూ చిన్న క్లబ్బుల్లో ఆడాడు. 2016లో లెస్టర్ సిటీతో ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ గెలిచాడు. గొప్ప కథ. కానీ అదే ఇంగ్లండులో, పెద్ద క్లబ్బు అకాడమీ నుంచి బయటికొచ్చిన ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు 2020లో ప్రాణం తీసుకున్నాడు. వదిలేసిన పిల్లల బాగోగులు క్లబ్బులు చూడాలన్న మాట ఆ తర్వాత అక్కడ గట్టిగా వినిపించింది. వార్డీ కథ ఒక్కటే చెప్పి పిల్లల్ని పంపించేయడం ఈ డాక్టరుగారికి న్యాయమనిపించదు.

ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఆనవాలు దొరక్కుండా వివరాలు కొంచెం మార్చడమైంది.

పదిహేనేళ్ల పిల్ల, వింగులో ఆడేది. మొదటి పది నిమిషాలు ఎవరికీ అందేది కాదట. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయేది. "స్టామినా లేదు, కష్టపడదు" అని తీసేశారు. ఆ రెండో మాట అమ్మాయిని కోసేసింది, ఎందుకంటే చీకటితో లేచి పరుగు పెట్టేది ఆ పిల్లే. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా సున్నం పూసినట్టుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గరుంది. పన్నెండైనా ఉండాలి. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. బళ్లో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర వేసుకుంటున్నావా అని అడిగితే, వికారం వస్తోందని కిటికీలోంచి పారేస్తున్నానని ఒప్పుకుంది. నులిపురుగుల మాత్ర, అన్నం తిన్నాక ఐరన్, దాంతోపాటు నిమ్మరసం, మాత్ర వేసుకున్న గంట వరకూ టీ మానేయడం. ఇంతే వైద్యం. మూడు నెలలకి రంగు తిరిగింది, ఆయాసం తగ్గింది.

ఆ అమ్మాయి మళ్లీ జట్టులోకి రాలేదు. ఆ సెలక్షన్లు అయిపోయాయి, తర్వాత ఏడాది టెన్త్. కానీ రక్తపరీక్ష కాగితం తీసుకెళ్లి పీఈటీ మాస్టారికి తనే చూపించిందట. "నేను బద్ధకస్తురాల్ని కాదండి, రక్తం లేదండి" అని చెప్పిందట. ఆ మాస్టారు మంచివారు. సెలక్షన్లకి పంపేముందు పిల్లలందరికీ రక్తపరీక్ష చేయించాలని మరుసటి ఏడాది ఆయనే డాక్టరుగారి దగ్గరికి వచ్చారు.

తెలుగు నేల ఫుట్‌బాల్‌లో డాక్టరుగారు తరచూ తలుచుకునే పేరు తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింట పుట్టాడు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్లతో చెప్పులు కుట్టేవాడి చేత ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నాడు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ కంట పడ్డాడు. ప్రాక్టీసుకి హైదరాబాద్ దాకా రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకి రోజుకో రూపాయి రహీమే ఇచ్చారు. ఇరవయ్యేళ్లకే, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న జట్టుతో వెళ్లాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు. ఇరవై ఏడేళ్లు నిండీ నిండకముందే ఆట ఆపేయాల్సి వచ్చింది.

అతన్ని కాదన్నది సెలక్టరు కాదు, ఒంట్లోని ఊపిరి. అదే ఏడాది జూన్‌లో రహీమ్ కూడా కేన్సర్‌తో పోయారు. జకార్తాకి జట్టును తీసుకెళ్లేనాటికే ఆయనది తగ్గని జబ్బు. బలరామ్ ఆ తర్వాత అరవయ్యేళ్లు బతికాడు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. తనకి రావలసిన గుర్తింపు రాలేదన్న బాధ ఆయన చివరిదాకా దాచుకోలేదు. దాచుకోకపోవడమే మంచిదని డాక్టరుగారి అభిప్రాయం. ధైర్యవంతుడంటే బాధపడనివాడని పిల్లలకి నూరిపోస్తాం గానీ, ఒలింపిక్స్‌లో గోల్ కొట్టినవాడికే అరవయ్యేళ్లు నొప్పి ఉండగా పదమూడేళ్లవాడు వారంలో మామూలైపోవాలని ఎలా అడుగుతాం?

పిల్లల ముందు రహీమ్ గురించి చెప్పేటప్పుడు డాక్టరుగారు పతకాల దగ్గర ఆగరు, సైకిలు అద్దె దగ్గర ఆగుతారు. కుర్రాడు రాలేకపోవడానికి కారణం ఆట కాదు, దూరం అని పోల్చుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు కాబట్టి ఆ ఆటగాడు మిగిలాడు. అలాగే హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్. సైన్యం జట్టులో మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడినవాడు. చోటు మార్చాక దేశం గోలు ముందు కొండలా నిలబడ్డాడు.

మన గోల్‌కీపరు తండ్రికి డాక్టరుగారు చీటీ మీద మందు రాయలేదు. మూడు పనులు చెప్పారు. గ్లోవులు అటక మీంచి దించాలి. "చదువుకోమన్నానుగా" అనే మాట నెలరోజులు ఇంట్లో వినపడకూడదు. మాస్టారి దగ్గరికి వెళ్లి ఎందుకు తీసుకోలేదో, ఏం నేర్చుకోవాలో కుర్రాడి ముందే అడగాలి. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర సరిగా లేకపోయినా, స్నేహితుల్ని తప్పించుకుంటున్నా, బతకాలనిలేదన్న మాట ఒక్కసారి నోటివెంట వచ్చినా రేపనుకోకుండా తీసుకురమ్మన్నారు. రాత్రిపూటైతే 14416కి ఫోన్ చెయ్యమని ఆ నంబరు చీటీ వెనక పెద్ద అంకెలతో రాసిచ్చారు. టెలీ మానస్ అని, 2022 అక్టోబరు నుంచి కేంద్రం ఉచితంగా నడుపుతున్న ఫోన్ సేవ. తెలుగులోనే మాట్లాడతారు.

మాస్టారు చెప్పిన కారణాలు రెండు. ఒకటి ఎత్తే. రెండోది, బంతి చేతికందాక ఎవరికివ్వాలో తేల్చుకోకుండా గాభరాగా తన్నేస్తున్నాడని. ఈ రెండోది విన్నాక కుర్రాడి కడుపునొప్పి తగ్గిందని తల్లి ఫోన్ చేసి చెప్పింది. సాధన చేయడానికి ఏదో ఒకటి దొరికింది వాడికి.

పదకొండు నెలల తర్వాత, మామిడికాయల సీజనులో, మళ్లీ ఓపీలో ప్రత్యక్షమయ్యాడు. ఈసారి తండ్రి ముందుకి తోయలేదు, వాడే కుంటుకుంటూ వచ్చి కూర్చున్నాడు. మోకాలి చిప్ప కింద గోలీకాయంత గట్టి బుడిపె. నొక్కితే నొప్పి. వేగంగా ఎదిగే వయసులో, బాగా పరుగెత్తే, ఎగిరే పిల్లలకి తొడ కండరం ఎముకని లాగినచోట ఇలా లేస్తుంది. ఎదుగుదల ఆగాక దానంతటదే సర్దుకుంటుంది. డాక్టరుగారు బుడిపె సంగతి తర్వాత చూద్దామని వాణ్ణి ముందు ఎత్తుల పట్టిక దగ్గర నిలబెట్టారు. కిందటేడు పెన్సిలుతో గీసిన గీతకి ఎనిమిది సెంటీమీటర్ల పైన కొత్త గీత పడింది.

కుర్రాడు వెనక్కి తిరిగి గీత వైపు ఒకసారి చూసి, వెంటనే మోకాలు పట్టుకుని అడిగాడు.

"ఎన్ని రోజులు దూకకూడదండి?"