పూత పెట్టని రేకు

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో విద్యుద్విశ్లేషణకి నాకు మంచి మార్కులే వచ్చాయి. అయితే ఏ తీగ దేనికి తగిలించాలో పక్కవాడి రికార్డు చూసి రాసినవాణ్ణే గాని, అర్థమై రాసినవాణ్ణి కాదు. ఆ పాఠం వంటబట్టింది చాలా ఏళ్ల తర్వాత, మా పెరట్లో, ఒక ప్లాస్టిక్ డబ్బా ముందు.

అటక మీద పడి ఉన్న అమ్మమ్మ కుట్టుమిషను కిందికి దించాను. జాకెట్లు, లంగాలు కుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించిన మిషను అది. నల్లరంగు బాగానే ఉంది గాని నికెల్ రేకులు తుప్పుపట్టాయి. వాటికి ఇంట్లోనే పూత వేద్దామని కూర్చున్నాను.

పద్ధతి తేలికే. వెనిగర్‌లో చిటికెడు ఉప్పు, రెండు నికెల్ ముక్కలు, వాటికి 6 వోల్టుల అడాప్టరు. కొన్ని గంటలకు ద్రవం లేత ఆకుపచ్చకి తిరుగుతుంది. అదే నికెల్ అసిటేట్. అప్పుడు ఋణధ్రువం దగ్గరి ముక్క తీసి, అక్కడ మన వస్తువు తగిలించాలి. ఆ ద్రవం విషం. గ్లౌజులు లేకుండా ముట్టకూడదు, కాలవలో పొయ్యకూడదు. నికెల్ దొరకలేదని స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టడం అంతకన్నా ప్రమాదం, అందులోని క్రోమియం కరుగుతుంది.

మొదటిరోజు తీగలు తారుమారు చేశాను. పూత పడకపోగా రేకే కరగసాగింది! రెండోరోజు తొందరపడి 12 వోల్టులు ఇచ్చాను. మసిలాంటి నల్లపొడి పట్టింది. మూడోసారి మెరుపొచ్చింది గాని, గోరు తగిలితే పొట్టులా లేచింది. పాత నూనె పూర్తిగా పోలేదన్నమాట. శుభ్రమైన లోహం మీద నీళ్లు పోస్తే చుక్కలుగా విడిపోకుండా పల్చటి పొరలా పరుచుకోవాలి. ఆ పరీక్ష నెగ్గాక నాలుగోసారి పూత నిలిచింది.

అప్పుడు 1834 నాటి ఫారడే సూత్రాలు తీసి లెక్క కట్టాను. 0.1 ఆంపియరు కరెంటు గంటసేపు పారితే, అంతా నికెల్‌కే ఖర్చయిందనుకున్నా, పడేది 0.11 గ్రాము. 40 చదరపు సెంటీమీటర్ల రేకు మీద అది మిల్లీమీటరులో వెయ్యో వంతులు మూడు! అంత పల్చని పూత ఏ గీతనూ, ఏ గుంటనూ దాచదు. కనక ముందే గరుకుకాగితంతో రుద్ది నున్నగా చెయ్యాలి.

అలా రుద్దుతూనే బాబిన్ మీది జారుడు రేకు దగ్గరికొచ్చాను. దాని అంచున నికెల్ అరిగిపోయి, చిన్న పల్లం పడి ఉంది. సగం చదును చేశానో లేదో, కాఫీ పట్టుకొచ్చిన అమ్మ ఆగిపోయింది.

“ఒరే, అది తుప్పు కాదురా! అమ్మ బొటనవేలు పెట్టి లాగేది అక్కడే.”

నా చెయ్యి ఆగింది. కాని సగం అప్పటికే పోయింది. ఎన్ని వేలసార్లు తెరిస్తే ఇనుము మీద వేలు గుర్తు పడిందో! నేను పది నిమిషాల్లో తుడిచేశాను.

తక్కిన రేకులన్నీ ఇప్పుడు అద్దంలా మెరుస్తున్నాయి. ఆ ఒక్క రేకుకి మాత్రం పూత పెట్టలేదు. తుప్పు పట్టకుండా నెలకోసారి నూనె రాస్తున్నాను. రాసేటప్పుడు మిగిలిన ఆ సగం పల్లంలో నా బొటనవేలు సరిగ్గా ఆనుతుంది.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి ఒక్కటే. పాత వస్తువు బాగుచేద్దామని గరుకుకాగితం పట్టేముందు, దాన్ని వాడినవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే ఒక్కమాట అడగండి. పోయిన నికెల్‌ని కరెంటు తిరిగి తెస్తుంది గాని, ఆ అరుగుదలని తేలేదు.