వినుట అనే వ్యసనం

జంషెడ్‌పూరులో సంపూర్ణమైన నిశ్శబ్దం దొరకుట అరుదు. 1907లో స్థాపితమైన టాటా ఇనుము-ఉక్కు కంపెనీ తన కర్మాగారానికి సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమానికి చేరువనున్న సాక్చీ గ్రామాన్ని ఎన్నుకొన్నది. 1919లో ఆ పట్టణానికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టినారు. నాటినుండి రాత్రింబగళ్లు ఆరని కొలుముల హోరు ఆ ఊరికి శ్రుతివలె నిలిచినది. 1902లో జంషెడ్‌జీ తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, వెడల్పైన వీధులతోను నీడనిచ్చే చెట్లతోను పాటు దేవాలయాలకు, మసీదులకు, చర్చిలకు స్థలం ఉంచవలెనని కోరినాడు. కనుకనే ఆ హోరుమీద ఒక దిక్కున అజాన్, ఒక దిక్కున ఉత్తరాంధ్రనుండి వచ్చి స్థిరపడిన తెలుగువారి భజన, మరొక దిక్కున సంతాలుల మద్దెల వినవచ్చును.

ఆ ఊరిలో మాంగో పేటలోనో, ధత్కీడీహ్‌లోనో ఉన్న ఒక ముస్లిం కుటుంబాన్ని ఊహించుకొనవచ్చును. ఉదయపు షిఫ్టుకు బయలుదేరే తండ్రి, ఫజ్ర్ నమాజుకు కుమారుని లేపబోయి, అతని చెవులలో రాత్రి మొదలైన పాట ఇంకను మ్రోగుచుండుట చూచినాడనుకొందము. “ఇది సారాయి కాదు గదా, అబ్బా!” అని కొడుకు అనును. “మత్తుకు పేరేదైతేనేమి?” అని తండ్రి అనును. ఇద్దరి మాటలోను కొంత సత్యం ఉన్నది. ఎవరిది ఎంత సత్యమో తేల్చుట మాత్రం తేలిక కాదు.

ఇస్లాం ధర్మశాస్త్రజ్ఞులు ఈ వివాదాన్ని వేయి సంవత్సరాలకు పైగా నడిపినారు. ఖురాను 31వ అధ్యాయంలో దైవమార్గంనుండి మరలించే ‘వ్యర్థపు మాట’ను గూర్చిన వాక్యం ఉన్నది. ప్రవక్త సహచరుడైన ఇబ్న్ మసూద్ దానికి ‘గానం’ అని అర్థం చెప్పినాడు. 9వ శతాబ్దంలో ఇబ్న్ అబీ దున్యా వినోదసాధనాలను నిందిస్తూ ప్రత్యేకంగా గ్రంథం రచించినాడు. 14వ శతాబ్దపు పండితుడు ఇబ్న్ తైమియా సంగీతాన్ని ఆత్మలు త్రాగే మద్యంతో పోల్చినాడు. రెండవ పక్షమున, ఆందలూసియాకు చెందిన ఇబ్న్ హజ్మ్ నిషేధానికి ఆధారంగా చూపే హదీసుల ప్రామాణ్యాన్ని శంకించి, గానం అనుమతమేనని వాదించినాడు. పండుగనాడు ఆయిషా ఇంట ఇద్దరు బాలికలు పాడుచుండగా అబూబకర్ మందలించినాడనియు, ప్రవక్త వారిని పాడనిమ్మన్నాడనియు తెలిపే హదీసు ఈ పక్షమువారికి బలం. నిషేధించినవారిని రసహీనులనుట న్యాయం కాదు. పానగోష్ఠినుండి విడదీయరాని గానాన్ని వారు ఎరుగుదురు. అనుమతించినవారిని భోగలాలసులనుటయు అట్టి అన్యాయమే.

కొడుకు వాదానికి శాస్త్రంలో ఒక ఆధారం లేకపోలేదు. ‘ఖమ్ర్’ అనగా బుద్ధిని కప్పివేయునది అని ఖలీఫా ఉమర్ నిర్వచించినాడు. పాట బుద్ధిని కప్పదు. రాగం వినువాని బుద్ధి తరువాతి స్వరాన్ని ఎదురుచూస్తూ మేల్కొనియే ఉండును. అయితే ఖురాను 5వ అధ్యాయం మద్యంతోపాటు జూదాన్ని కూడ నిషేధించినది. జూదరి బుద్ధిని ఏ ద్రవమూ కప్పలేదు. ఆ రెండింటికి అక్కడ చెప్పిన దోషం ఒక్కటే: అవి వైరాన్ని పెంచును, దైవస్మరణనుండి, ప్రార్థననుండి మనిషిని మరలించును. వస్తువు కడుపులోనికి పోవుట ముఖ్యం కాదు, అది మనిషిని దేనినుండి తొలగించినదన్నదే ముఖ్యం. చిరకాలానికి మానసికవైద్యులును ఇట్టి నిర్ణయానికే వచ్చినారు. 2013లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ జూదాన్ని మద్యపానం సరసన వ్యసనాల వరుసలో చేర్చినది. 2022 జనవరినుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ వర్గీకరణలో యంత్రక్రీడల వ్యసనమునకు కూడ స్థానం ఉన్నది. సంగీతశ్రవణం మాత్రం ఈ రెండింటిలోను వ్యాధిగా లేదు.

లేకున్నను, మెదడులో అది నడిచే దారి మాత్రం పరిచితమైనదే. 1954లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనువారు ఎలుకల మెదడులో సన్నని తీగెలు అమర్చినారు. మీట నొక్కినపుడెల్ల ఆ చోటికి విద్యుత్తు ప్రసరించును. ఎలుకలు ఆ మీటను మరల మరల, వందలకొలది సార్లు నొక్కినవి. 2011లో అదే విశ్వవిద్యాలయంలో వాలొరీ సాలింపూర్, రాబర్ట్ జటోరే ప్రభృతులు పాట విని పులకించే మనుష్యులను పరీక్షించి, ఆ పులకింత వేళ డోపమీన్ అనే రసాయనం మెదడు లోపలి భాగాలలో విడుదల అగుచున్నదని చూపినారు. పులకింతకు ముందు నిరీక్షణ క్షణాలలో ఒక భాగమున, పులకింత పరాకాష్ఠకు చేరినపుడు మరొక భాగమున అది విడుదలైనది. ఆకలి తీరినపుడును, మాదకద్రవ్యం సోకినపుడును కదిలేది ఈ వ్యవస్థయే. కాని, ఆకలి తీర్చుకొనుట వ్యసనం కానట్లే, ఆ వ్యవస్థ కదిలినంతమాత్రాన పాట వ్యసనమై పోదు. 2014లో బార్సిలోనా పరిశోధకులు మరొక విశేషం కనుగొన్నారు: ఇతర సుఖాలన్నిటిని అనుభవించుచునే పాటవలన మాత్రం ఏ ఆనందమూ పొందనివారు కొందరు ఉన్నారు. పాట ఒక్కటే అయినను వినువాడు ఒక్కడు కాడు.

ఈ మాటను అబూ హామిద్ గజాలీ తొమ్మిది శతాబ్దాల క్రితమే గ్రహించినాడు. 1058లో పుట్టి 1111లో మరణించిన ఆ మహాపండితుడు ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో శ్రవణమునకు ఒక ప్రకరణమే కేటాయించినాడు. అందులో ఒక ఒంటెల కథ ఉన్నది. మధురకంఠుడైన ఒక బానిస, అధికభారం మోయుచున్న ఒంటెలకు పాడుచు మూడు దినాల ప్రయాణం ఒక్కదినాన చేయించినాడట. బరువులు దింపగనే, ఒక్కటి తప్ప అన్నియు ప్రాణాలు విడిచినవి. పాట నడుచునంతసేపు వాటికి అలసట తెలియలేదు. అంతటి శక్తిని ఎరిగియు గజాలీ పాటను పూర్తిగా నిషేధించలేదు. పాట హృదయంలో లేనిదానిని సృష్టించదని, ఉన్నదానినే కదిలించునని ఆయన సిద్ధాంతం. కాలమంతయు దానికే వెచ్చించి అలవాటు చేసికొన్నవానికి మాత్రం, స్వతహాగా అనుమతమైనదియు దోషమగునని హెచ్చరించినాడు.

సూఫీ గురువు జునైద్ చెప్పిన మూడు నియమాలను కూడ ఆయన ఉదహరించినాడు. శ్రవణమునకు తగిన కాలం, తగిన స్థలం, తగిన సహచరులు ఉండవలెను. భోజనం ముందున్నపుడును, నమాజు వేళయందును వినరాదు. మనస్సు చెదరే చోట వినరాదు. భావం ఎరుగనివారితో కూడి వినరాదు. చిశ్తీ గురువుల సమా గోష్ఠులు ఇట్టి నియమాలతోనే నడిచినవి. అక్కడను అపాయం లేకపోలేదు. 1235లో ఢిల్లీలో కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒక పద్యపాదం విని పారవశ్యంలో మునిగి, తేరుకొనకయే మరణించినాడని చెప్పుదురు. కాని ఆయన చుట్టు మిత్రులు ఉన్నారు. గాయకులకు అలసట ఉన్నది. గోష్ఠికి ముగింపు ఉన్నది.

చెవిలో ఇమిడిన నేటి యంత్రం ఈ మూడు నియమాలను ఒక్కసారిగా తొలగించినది. దానికి వేళ లేదు, చోటు లేదు, తోడు లేదు. ఒక పాట ముగియకముందే మరొకటి సిద్ధం. గాయకుడు అలసిపోడు గనుక, ఆపవలసిన భారం అంతయు నిద్ర చాలని పడుచువాని మీదనే పడినది. కనుక తండ్రి కోపం పాటను దాటి, ముగింపు లేమివైపు మరలుట మేలు. కొడుకును ‘ఇది హలాలా, హరామా’ అన్న ప్రశ్నతో ఆగక, ‘అజాన్ వినబడగనే దీనిని ఆపగలనా, ఆపిన పిదప మనస్సు చిరచిరలాడునా’ అని తనను పరీక్షించుకొనవలెను. ఈ పరీక్షను మౌల్వీయు, వైద్యుడును సమానంగా అంగీకరింతురు.

బిస్మిల్లాఖాన్ 1916లో బీహారులోని దుమ్రావ్‌లో పుట్టినాడు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడినాడు. ఒకరు షెహనాయిని, ఒకరు నాదస్వరాన్ని జీవితాంతం విడువలేదు, నమాజును కూడ విడువలేదు. గంటలకొలది సాగిన వారి సాధన పైకి వ్యసనంవలెనే కనబడవచ్చును. కాని వ్యసనం నానాటికి ఎక్కువ అడిగి తక్కువ ఇచ్చును. సాధన అడిగినదానికి మించి ఇచ్చును, ఇచ్చినది ఇతరులకు కూడ చేరును. వారు ప్రార్థనవేళ వాద్యాన్ని క్రింద పెట్టినారు, మరల అదే శ్రద్ధతో చేతికి తీసికొన్నారు.