తీసుకోలేదా, తీసుకున్నది నీవు కాదా?

కాణిపాకం పేరు చెప్పగానే మా చిత్తూరు వైపు వారికి గుర్తొచ్చేది ప్రమాణం. అప్పు దగ్గరో, పొలం గట్టు దగ్గరో తగవు తెగకపోతే "కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?" అనడం ఇక్కడి వాడుక. బాహుదా నది ఒడ్డునున్న ఆ గుడిలో అబద్ధమాడితే కీడు తప్పదని చుట్టుపక్కల వారి నమ్మకం. మేము ప్రమాణాలకు వెళ్ళేవాళ్ళం కాము గాని, ఆ ఊరి పొరుగున బ్రతుకుతూ మాటను తూచి వినడం నేర్చుకున్నాం.

ఒకడు "డబ్బు నేను తీసుకోలేదు" అంటాడు. ఇంకొకడు "డబ్బు తీసుకున్నది నేను కాదు" అంటాడు. రెండూ ఒకటేనా? మొదటి మాటలో అసలు డబ్బు పోయిందో లేదో తేలలేదు. రెండవ మాటలో ఎవరో తీసుకున్నారని ఒప్పుకున్నట్టే. "అయితే ఎవరయ్యా తీసుకున్నది?" అని పెద్దమనుషులు వెంటనే పట్టుకునేది ఇక్కడే.

మాటల వరుస కూడా అంతే. "ఏనుగులు మా చేలోకి వచ్చాయి" అంటే అప్పటికే ఏనుగుల సంగతి నడుస్తున్నదన్నమాట. "మా చేలోకి ఏనుగులు వచ్చాయి" అంటే కొత్త కబురు, పరుగెత్తాల్సిందే! పలమనేరు, కుప్పం రైతులకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు.

మనకు ఇది చాలావరకు అలవాటు. ఒక దేశంలో ఇదే కచ్చితమైన వ్యాకరణం. 1805లో విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకున్న లండన్ మిషనరీ సొసైటీ వారే 1818లో మడగాస్కర్ దీవికీ సేవకులను పంపారు. 1835లో అక్కడి మలగాసీ భాషలో బైబిలంతా అచ్చయింది. దీవి ఆఫ్రికా పక్కనే ఉన్నా, భాష మాత్రం ఇండోనేషియా, ఫిలిప్పీన్సు భాషలకు చుట్టం.

అందులో క్రియ ముందు, కర్త చివర. "కొన్నాడు బియ్యం ఆ పిల్లవాడు" అన్నట్టుంటుంది. చివర కూర్చునే ఆ కర్త వినేవారికి తెలిసినవాడై ఉండాలి. ఎవరో ఒక పిల్లవాణ్ణి అక్కడ ఊరికే కూర్చోబెట్టడానికి వీల్లేదు. "ఉన్నాడు ఒక పిల్లవాడు" అని ముందు పరిచయం చేయాలి. మన అవ్వలు "అనగనగా ఒక రాజు" అన్నట్టు.

ఇంకొక చిక్కుంది. మనకు "కొన్న పిల్లవాడు", "కొన్న బియ్యం" రెంటికీ "కొన్న" ఒక్కటే చాలు. వారికి చాలదు. బియ్యాన్ని ముందుకు తేవాలంటే క్రియ రూపమే మార్చి, బియ్యాన్నే కర్తను చేయాలి.

ఇటువంటి భాషలోకి నాతాను దావీదుకు చెప్పిన కథను తర్జుమా చేసేవారి పని ఊహించండి. గొఱ్ఱెపిల్లను లాక్కున్న ధనవంతుడు మొదట ఎవరో ఒకడుగా రావాలి. ఆ మనిషెవరో చివరనే తేలాలి. వరుస తప్పి ముందే తెలిసిపోతే, దావీదు ఆ ధనవంతుడి మీద కోపగించుకునేవాడే కాదు.