దర్జా అంతా గాలిలోనే!

తెరమీద హీరోగారు కొండదారిలో బురద చిమ్ముకుంటూ ఖరీదైన ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో దూసుకొస్తే హాల్లో ఈలలు మోగుతాయి. నేనూ ఈల వేసేవాణ్ణే! కానీ మా తమ్ముడు అలాంటి బండి ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని షూటింగులకి అద్దెకివ్వడం మొదలుపెట్టాక, నా చూపు హీరోగారి మీంచి చక్రాల మీదకి దిగింది.

ఈ జాతి బండ్లకి పెద్దన్న లాంటి రేంజ్ రోవర్ 1970లో ఇంగ్లండులో పుట్టినప్పుడు ఇంత సుకుమారం కాదు. వినైల్ సీట్లు, ప్లాస్టిక్ డాష్‌బోర్డు. బురదైతే లోపల నీళ్లు కొట్టి కడిగేసుకోవచ్చు! నాలుగు తలుపులు 1981లో వచ్చాయి. 1983 నాటి జేమ్స్ బాండ్ చిత్రం ‘ఆక్టోపస్సీ’ మొదట్లోనూ ఈ బండి మెరిసింది. ఇక 1992లో ఇనప స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులొచ్చాయి. అదే ఎయిర్ సస్పెన్షన్. రాళ్లదారిలో బండి పైకి లేస్తుంది, ఎక్కేవాళ్ల కోసం వినయంగా కిందకి దిగుతుంది. దర్జా పెరిగింది... దాంతోపాటే రిపేరూ పెరిగింది!

మా తమ్ముడి బండీ ఇలా గాలిమీద నిలబడేదే. కంపెనీ పేరు మనకెందుకు లెండి. మారేడుమిల్లి అడవుల్లో షూటింగు ముగించుకుని హైదరాబాదు వచ్చిన మూడోనాడు తెల్లారి చూస్తే, ముందుకాళ్లు మడిచిన ఎద్దులా కూలబడి వుంది. మర్నాడే ఇంకో షూటింగు. ఆ అద్దె వస్తేనే బ్యాంకు వాయిదా కట్టేది. ఓ పెద్ద వర్క్‌షాపువాళ్లు “కంప్రెసర్ పోయింది, కొత్తది వెయ్యాలి” అని ఓ అంకె చెప్పారు. తమ్ముడి నోట మాట రాలేదు.

అప్పుడు తెలిసినాయన ఒకరు ఓ రేకులషెడ్డు ఉస్తాద్ దగ్గరికి పంపించారు. ఆయన విని నవ్వాడు. “జర ఆగుండ్రి సారూ, ముందుగాల సబ్బునీళ్లు కొట్టి చూద్దాం” అన్నాడు.

షెడ్డులో కుర్రాడు జాకీ ఎత్తి కిందకి దూరబోయాడు. ఉస్తాద్ ఒక్క కేక వేసి కాలర్ పట్టి వెనక్కి లాగాడు. “స్టాండు పెట్టకుండ పోతావురా? గాలిని నమ్మితే పానం పోతది!” నిజమే. కొన్ని బండ్లు తలుపు తీసినా, మూసినా తమంతట తామే ఎత్తు సరిచేసుకుంటాయి. గాలి దిగిందంటే రెండు టన్నుల పైచిలుకు బరువు మీదకొస్తుంది. గట్టి స్టాండులు పెట్టాకే ఆ కుర్రాణ్ణి లోపలికి పోనిచ్చాడు.

సబ్బునీళ్లు చల్లారు. ఎడమవైపు తిత్తి మడతలో బుడగలు! ఇసుకా బురదా ఇరుక్కుని, రబ్బరు ఒరుసుకుని, సన్నని చీలిక పడింది. గాలి కారిపోతుంటే, ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి వేడెక్కిపోయింది. అంటే మనం విలన్ అనుకున్నది పాపం బాధితుడే సుమా! చీలిక అలాగే వదిలి కొత్త కంప్రెసర్ వేస్తే అదీ అదే దారి పట్టేది. ఉస్తాద్ ముందరి తిత్తులు రెండూ మార్చాడు. గాలిలో తడి పీల్చే గుళికలు నీరెక్కి వుంటే కొత్తవి పోశాడు. చల్లారిన కంప్రెసర్ మళ్లీ పలికింది. మర్నాటి షూటింగు చెయ్యి జారిపోయింది గానీ, బండి అమ్ముకునే గతి తప్పింది.

ఆయన దగ్గర నేర్చుకున్నవి ఇంకొన్ని. వాగు దాటొచ్చిన బండికి డిఫరెన్షియల్ ఆయిలు విప్పి చూడాలి. పాలు కలిపిన కాఫీ రంగుకి తిరిగిందా, నీళ్లు చేరినట్టే. వెంటనే మార్చకపోతే పళ్లచక్రాలు అరిగిపోతాయి. నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగే బండికి ఒక్క టైరు మాత్రం కొత్తది వెయ్యకూడదు. చుట్టుకొలత తేడా వస్తే ఆ భారం మధ్య డిఫరెన్షియల్ మోస్తుంది. అల్యూమినియం ఇంజనులో కుళాయినీళ్లు పొయ్యకూడదు, లోపల తినేస్తాయి. కంపెనీ చెప్పిన కూలెంటే పొయ్యాలి.

మీలో ఎవరికైనా అలాంటి బండి మీద మోజుంటే, అద్దంలాంటి పెయింటు చూసి మురిసిపోకండి. రాత్రి చదునైన చోట నిలబెట్టి, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య సందు నాలుగువైపులా కొలిచి రాసుకోండి. తెల్లారి మళ్లీ కొలవండి. దర్జా నిలబడుతుందో కూలబడుతుందో ఆ నాలుగంకెలే చెప్పేస్తాయి!